అడవిలో జరిగేది, హైదరాబాద్‌లో అచ్చయ్యేది

పేపర్లో, పాఠంలో, తెర మీద ఆదివాసీలు ఎప్పుడూ ఒకేలా ఎందుకు కనిపిస్తారు?

క్లుప్తంగా

ఆదివాసీల గురించి తెలుగులో వచ్చే వార్తలు, పాఠాలు తక్కువేమీ కాదు. కానీ వచ్చిందంతా నాలుగైదు అరల్లోనే సర్దుకుంటుంది: విషజ్వరాలు, జాతర, పోడు గొడవ, ఎన్‌కౌంటర్, అప్పుడప్పుడూ ఒక విజయగాథ. దీనికి ఎవరి దురుద్దేశమో కారణమని చెప్పడం తేలిక, కానీ దానివల్ల అర్థమయ్యేది తక్కువ. వార్త ఏ డెస్క్‌లో తయారవుతుంది, పాఠం ఎవరి వైపు నుంచి మొదలవుతుంది, బడిలో ఏ భాష నడుస్తుంది అన్న ఏర్పాట్లే ఆ అరలను కట్టాయి. వాటిలో అన్నిటికన్నా బరువైనది బడిలో నిలబడే టీచరు ప్రశ్న. చర్చలో అన్నిటికన్నా తక్కువగా వినిపించేదీ అదే.

మాసబ్‌ట్యాంక్‌లో ఆగిన కాలం

మాసబ్‌ట్యాంక్ దగ్గర సంక్షేమ భవన్ ఆవరణలో నెహ్రూ శతాబ్ది గిరిజన మ్యూజియం ఉంది. ఆ రోడ్డు మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నవాళ్లు లక్షల్లో ఉంటారు, లోపలికి వెళ్లి చూసినవాళ్లు మాత్రం తక్కువ. చెంచు, గోండు, కోయ, కోలాం జీవితాలను నిలువెత్తు బొమ్మలతో, పనిముట్లతో, నగలతో, వాయిద్యాలతో అక్కడ చూపిస్తారు. సంప్రదాయ జీవితాన్ని భద్రపరచడమే దాని పని. కాబట్టి ఆ బొమ్మల చేతిలో సెల్‌ఫోన్ ఉండదు, గుడిసె పక్కన బైక్ ఉండదు. ఉట్నూరు నుంచి రాత్రి బస్సెక్కి వచ్చి దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉంటూ గ్రూప్స్ కోచింగ్ తీసుకునే గోండు కుర్రాడు ఆ బొమ్మ ముందు నిలబడితే, ఇద్దరిదీ ఒకే జాతి అని పక్కనున్న స్కూలు పిల్లలు ఊహించలేరు.

మ్యూజియాన్ని తప్పుపట్టడానికి లేదు. చిక్కల్లా పేపర్, టీవీ, పాఠ్యపుస్తకం కూడా మ్యూజియంలాగే పనిచేయడంలో ఉంది.

2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణలో షెడ్యూల్డ్ తెగల జనాభా 31.78 లక్షలు. అంటే రాష్ట్రంలో 9 శాతం పైచిలుకు. దేశం మొత్తం మీద 10.43 కోట్లు. రాష్ట్ర సగటు అక్షరాస్యత అప్పుడు 66.5 శాతం ఉంటే ఎస్టీల్లో 49.5 శాతం. అంటే తమ గురించి అచ్చయిన దాన్ని చదివి ‘ఇది తప్పు’ అని ఉత్తరం రాయగలిగినవాళ్లు ఆ లెక్క నాటికి సగం మంది కూడా లేరు.

వార్తలకూ ఒక పంచాంగం ఉంది

ఏజెన్సీ వార్తలు రుతువులను బట్టి వస్తాయి. జూన్‌లో వానలు మొదలవగానే విషజ్వరాలు, ఆ వెంటే డోలీ మోతలు. ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం ఫొటోలు. దీపావళి ముందు గోండుల దండారి పండుగ, అందులో గుస్సాడీ వేషాలు. రెండేళ్లకోసారి మేడారం. ఏప్రిల్ 20 దగ్గరపడితే చాలా ఏళ్లపాటు ఇంద్రవెల్లిలో పోలీసు ఆంక్షలు. 1981లో అదే రోజున అక్కడ సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. అధికారిక లెక్క 13 మంది మృతి. హక్కుల సంఘాలు చెప్పిన సంఖ్య అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ. కొన్ని దశాబ్దాల పాటు ఏటా వచ్చిన వార్త మాత్రం ‘ఇంద్రవెల్లిలో 144 సెక్షన్’ అన్నదే. ఆంక్షలు ఎందుకో తెలియాలంటే అసలు ఏం జరిగిందో తెలియాలి. ఆ పేరా వార్తలో ఉంటే ఉండేది, చోటు చాలకపోతే ముందు ఎగిరిపోయేదీ అదే.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలియాలంటే తెలుగు పత్రిక ఎలా నడుస్తుందో చూడాలి. మండల విలేకరికి నెల జీతం ఉండదు. రాసిన లైన్లను బట్టి లెక్క కడతారు, యాడ్స్ తెచ్చే బాధ్యత కూడా చాలాచోట్ల ఆయనదే. పదిహేను కిలోమీటర్లు కాలిబాటన వెళ్లి ఒక గూడెం గురించి రాయడానికయ్యే పెట్రోలు, రోజు కూలి ఆ లైన్లతో రావు. అందుకని వార్త తనంతట తాను నడిచొచ్చే చోటే ఆయన ఉంటాడు: పోలీసు ప్రెస్ నోట్, ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) ప్రాజెక్టు ఆఫీసర్ పర్యటన, పీహెచ్‌సీ, ఎమ్మెల్యే ప్రోగ్రాం. అలా వచ్చిన వార్త జిల్లా పేజీలో పడుతుంది. ఆదిలాబాద్ జిల్లా పేజీ ఆదిలాబాద్‌లోనే ఆగిపోతుంది, హైదరాబాద్ పాఠకుడి చేతికి రాదు. మెయిన్ పేజీకి ఎక్కాలంటే చావైనా ఉండాలి, ఫొటోలో రంగైనా ఉండాలి. కాబట్టి కొండాపూర్‌లో కాఫీ తాగుతూ పేపర్ తిరగేసేవారికి కనిపించే ఆదివాసీ అయితే డోలీలో ఉంటాడు, లేకపోతే డ్యాన్సు చేస్తుంటాడు. ఆ ఎంపిక పేపరుది కూడా కాదు, ఎడిషన్ల ఏర్పాటుది.

ఇక డెస్క్‌లో కూర్చునేదెవరన్నది వేరే లెక్క. 2019లో ఆక్స్‌ఫామ్ అనే స్వచ్ఛంద సంస్థ, న్యూస్‌లాండ్రీ అనే వార్తా వెబ్‌సైట్ కలిసి హిందీ, ఇంగ్లీషు మీడియాలో నాయకత్వ స్థానాలను లెక్కించాయి. 121 మందిలో 106 మంది అగ్రకులాల వాళ్లు. ఎస్సీ, ఎస్టీలు ఒక్కరూ లేరు. అది తెలుగు మీడియా లెక్క కాదు. కానీ తెలుగులో ఇంతకన్నా మెరుగ్గా ఉంటుందని నమ్మడానికి పెద్దగా ఆధారమూ కనిపించదు.

డోలీ వార్తనే దగ్గరగా చూస్తే ఈ పద్ధతి బయటపడుతుంది. ‘పురిటి నొప్పులతో గర్భిణి, డోలీలో మోసుకెళ్లిన బంధువులు’. ఫొటోలో వాగు, వెదురు బొంగు, దుప్పటి. తర్వాతి వాక్యంలో ‘రోడ్డు సౌకర్యం లేక’. వార్త అక్కడితో ఆగిపోతుంది. రోడ్డు ఎందుకు లేదు? చాలాచోట్ల ‘అటవీ అనుమతులు రాలేదు’ అన్నది అధికారుల జవాబు. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) ప్రకారం రోడ్డు, బడి, అంగన్‌వాడీ, తాగునీరు లాంటి 13 రకాల సౌకర్యాల కోసం ఒక్కో పనికి హెక్టారు లోపు అటవీ భూమిని, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకుండా, గ్రామసభ సిఫారసుతో ఇవ్వొచ్చు. ఈ ఒక్క సమాచారం చేరితే అదే వార్త జాలి కథ నుంచి పాలన కథగా మారుతుంది. ఫలానా గూడెం గ్రామసభ తీర్మానం చేసిందా, ఆ కాగితం ఏ టేబుల్ మీద ఆగింది అని అడగొచ్చు. డోలీ ఫొటోకు వచ్చే షేర్లు ఆ కాగితానికి రావన్నది కూడా నిజమే.

పోడు వార్తల్లో అసలు పేచీ మాటల దగ్గరే మొదలవుతుంది. ఒకే నేలను ‘అటవీ భూమి ఆక్రమణ’ అనీ రాయొచ్చు, ‘పోడు సాగు’ అనీ రాయొచ్చు. మొదటి మాట అటవీశాఖ ప్రెస్ నోట్‌ది, రెండోది దున్నేవాడిది. 2005 డిసెంబర్ 13కు ముందు నుంచీ సాగులో ఉన్న ఆదివాసీలకు చట్టమే హక్కు ఇచ్చింది. 2023 జూన్ 30న తెలంగాణ ప్రభుత్వం ఆసిఫాబాద్‌లో పట్టాల పంపిణీ మొదలుపెట్టినప్పుడు ప్రకటించిన లెక్క 4.06 లక్షల ఎకరాలు, 1.51 లక్షల మంది. అంటే అంతకుముందు రోజు దాకా వార్తల్లో ‘ఆక్రమణదారులు’గా ఉన్నవాళ్లలో ఎంతోమంది మర్నాటికి లబ్ధిదారులయ్యారు. నేల మారలేదు, నాగలి మారలేదు.

2019లో కాగజ్‌నగర్ దగ్గర సర్సాలలో మహిళా రేంజ్ ఆఫీసర్ మీద కర్రలతో దాడి జరిగింది. 2022 నవంబర్‌లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఒక రేంజ్ ఆఫీసర్ హత్యకు గురయ్యారు. రెండూ దారుణాలే, నిందితులపై కేసులూ నడిచాయి. రెండో సంఘటన తర్వాత మీడియాలో ‘గుత్తికోయలు’ అన్న మాట ఒక జాతి పేరుగా కాక నేరం పేరులా వాడుకలోకి వచ్చింది. వీళ్లు ఎక్కువగా 2005 తర్వాత, మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో నడిచిన సల్వాజుడుం హింసను తప్పించుకుని ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చినవాళ్లు. అక్కడ ఎస్టీలు, ఇక్కడ ఆ గుర్తింపు లేదు. నేరం చేసింది కొందరు. ఊరు ఖాళీ చేయాలన్న డిమాండ్ వచ్చింది మాత్రం అందరి మీద. నగరంలో ఒక అపార్ట్‌మెంట్ వాసి హత్య చేస్తే ఆ కాలనీని ఖాళీ చేయమని ఎవరూ అడగరు.

మేడారానిది మరో రకం. టీవీలు దాన్ని ‘తెలంగాణ కుంభమేళా’ అంటాయి. పోలిక గౌరవంగానే ఉంటుంది, కానీ తేడాలను చెరిపేస్తుంది. మేడారంలో విగ్రహం లేదు, గుడి గోపురం లేదు. కోయ పూజారులైన వడ్డెలు చిలకలగుట్ట నుంచి తెచ్చే కుంకుమ భరిణె, గద్దె మీద వెదురు కర్ర. అది ఒక పోరాటంలో నేలకొరిగినవాళ్లను తలుచుకునే జాతర. ఎవరి మీద పోరాటమన్నది పాఠ్యపుస్తకాల దగ్గర మళ్లీ వస్తుంది.

ఏ పేరుతో పిలవాలి

‘ఏజెన్సీ’ అన్న మాట ఎక్కడిదో దాన్ని రోజూ వాడేవాళ్లలో చాలామందికి తెలియదు. 1839లో ఈస్టిండియా కంపెనీ గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి గవర్నర్ ‘ఏజెంటు’ కింద పెట్టింది. ఏజెంటు ఏలుబడి కాబట్టి ఏజెన్సీ. కంపెనీ పోయింది, మాట మిగిలింది.

‘గిరిజన’ ప్రభుత్వ భాష. ‘ఆదివాసీ’ ఉద్యమాల భాష. ‘వనవాసీ’, ‘జనజాతి’ అనేవి మరో రాజకీయ ధోరణి నుంచి వచ్చాయి. 2021 నుంచి కేంద్రం నవంబర్ 15న జరిపే రోజుకు పెట్టిన పేరు జనజాతీయ గౌరవ్ దివస్. రాజ్యాంగంలో ఉన్నది ‘షెడ్యూల్డ్ తెగలు’ మాత్రమే. ఐక్యరాజ్య సమితి 2007లో మూలవాసుల హక్కుల ప్రకటన తెచ్చినప్పుడు భారత్ అనుకూలంగా ఓటేసింది, అయితే దేశ ప్రజలందరూ మూలవాసులే అన్నది ప్రభుత్వ వైఖరి. వీటిలో ఏదీ ఒక్కో తెగ తన భాషలో తనకు పెట్టుకున్న పేరు కాదు. గోండులు తమను తాము కోయతూర్ అంటారు. కోలాములు కొలావర్ అంటారు. లంబాడీలు గోర్ అంటారు.

2006లో కేంద్రం ‘ఆదిమ తెగలు’ అన్న పేరును తీసేసి ‘ప్రత్యేకంగా బలహీనమైన గిరిజన తెగలు’ అని మార్చింది. తెలంగాణలో చెంచు, కోలాం, తోటి, కొండరెడ్డి ఆ జాబితాలో ఉన్నాయి. కొత్త పేరు హెడ్డింగ్‌లో పట్టదు కాబట్టి కాబోలు, పేపర్లలో ఇంకా ‘ఆదిమ గిరిజనులు’ అనే వస్తోంది.

అందరినీ ‘గిరిజనులు’ అని ఒక్క మాటలో కట్టేయడం వల్ల వచ్చే అసలు నష్టం ఆదిలాబాద్‌లో 2017 చివర్లో, లంబాడీల ఎస్టీ హోదా మీద రేగిన గొడవలో కనిపించింది. రాష్ట్ర ఎస్టీల్లో లంబాడీలు దాదాపు 20 లక్షలు, అంటే మూడింట రెండు వంతులకు దగ్గర. తెలంగాణ ప్రాంతంలో వాళ్లకు ఎస్టీ హోదా వచ్చింది 1976 చట్ట సవరణతో. ఉద్యోగాల్లో, సీట్లలో తమ వాటా తగ్గిందన్నది గోండు, కోలాం సంఘాల వాదన. చట్టబద్ధంగా వచ్చిన హోదా అన్నది లంబాడీల వాదన. హైదరాబాద్ చానళ్లలో అది ‘రెండు వర్గాల ఘర్షణ’గా, ఇంటర్నెట్ బంద్ వార్తగా వెళ్లిపోయింది. వాదనల వెనకున్న అంకెలు తెర మీదికి రావడం అరుదు. లంబాడీల బొమ్మ కూడా మీడియాలో మెరుగ్గా ఏమీ లేదు: అద్దాల లంగా, లేకపోతే తండాలో గుడుంబా దాడులు. బంజారాలు ఒకప్పుడు ఉన్న గుట్టలకే బంజారాహిల్స్ అని పేరు. ఆ పేరు వింటే ఇప్పుడు గజం ధర గుర్తొస్తుంది.

పాఠంలో ఉన్న చోటు, లేని చోటు

ఎన్‌సీఈఆర్‌టీ పాత 8వ తరగతి పౌరశాస్త్రం పుస్తకంలో ఒక విశేషం ఉండేది. ఆదివాసీలను రంగురంగుల దుస్తులతో, తలపాగాలతో, డ్యాన్సులతో మూసపోసి చూపిస్తారని, దానివల్ల వాళ్ల జీవితం గురించి నిజంగా తెలిసేది చాలా తక్కువని ఆ పాఠమే పిల్లలకు చెప్పింది. అంటే సమస్య పుస్తకాలు రాసేవాళ్లకు తెలియనిది కాదు. ఒక చాప్టర్‌లో చెప్పిన జాగ్రత్త మిగతా చాప్టర్లకు పాకకపోవడమే సమస్య.

మన దగ్గర చరిత్ర పాఠంలో కాకతీయులు అంటే గొలుసుకట్టు చెరువులు, వేయి స్తంభాల గుడి, రామప్ప. ఒప్పుకోవాల్సిన ఘనతే. మరో చోట, పండుగల పాఠంలో, సమ్మక్క సారలమ్మ జాతర వస్తుంది. కరువులో కప్పం కట్టలేనన్న మేడారం కోయ దొర పగిడిద్దరాజు మీదికి కాకతీయ సైన్యం వచ్చిందని, ఆయన, సమ్మక్క, పిల్లలు పోరాడి ప్రాణాలొదిలారని, సంపెంగ వాగు జంపన్న వాగయిందని జాతర కథ. చెరువు తవ్వించిన రాజ్యమూ, కరువులో పన్ను అడిగిన రాజ్యమూ ఒకటే. ఒకటి ‘చరిత్ర’ చాప్టర్‌లో, మరొకటి ‘సంస్కృతి’ చాప్టర్‌లో ఉండటం వల్ల పిల్లలకు ఆ ముడి కనిపించదు. జాతర కథకు శాసనాల ఆధారం లేదని చరిత్రకారులు అనొచ్చు, సబబే. కానీ శాసనం వేయించగలిగింది ఎవరన్న ప్రశ్న కూడా 8వ తరగతి పిల్లలకు అర్థమవుతుంది.

కుమురం భీమ్ వర్ధంతి తేదీదీ ఇలాంటి సంగతే. కొన్ని పుస్తకాల్లో 1940 సెప్టెంబర్ 1, కొన్నిటిలో అక్టోబర్. భీమ్ నేలకొరిగిన జోడేఘాట్‌లో గోండులు ఆ తేదీలతో పని లేకుండా ఏటా ఆశ్వయుజ పౌర్ణమికి కలుస్తారు. పున్నమి రాత్రి తూటా తగిలిందన్నది వాళ్ల జ్ఞాపకం. పరీక్షలో బిట్‌కు జవాబుగా పనికొచ్చేది తేదీ మాత్రమే.

మన్యం తిరుగుబాటు విషయంలో మరచిపోయింది ఒక మనిషినే. 1922–24 అంటే అల్లూరి సీతారామరాజు పేరు పిల్లలందరికీ వచ్చు. ఆయన పక్కన పోరాడిన గాం గంటందొర, గాం మల్లుదొర పేర్లు ఒక వాక్యంలో దాటిపోతాయి. ఆ మల్లుదొర శిక్ష అనుభవించి బయటికొచ్చి, స్వతంత్ర భారత తొలి ఎన్నికల్లో 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. తిరుగుబాటు నుంచి పార్లమెంటు దాకా ఒకే మనిషి జీవితంలో ఉన్న కథ అది. ఎవరికీ తెలియదు. పుస్తకాల్లో ఆదివాసీ తిరగబడతాడు, చనిపోతాడు. ఎన్నికల్లో గెలవడు, ఆఫీసులో కూర్చోడు, లెక్కల పాఠంలో వడ్డీ కట్టడు, సైన్సు పాఠంలో విత్తనం ఎంచుకోడు.

ఇక స్కూలు ఫంక్షన్ల సంగతి. హైదరాబాద్ ప్రైవేటు స్కూల్లో ఫ్యాన్సీ డ్రెస్ పోటీ అంటే అద్దె దుస్తుల షాపులో ‘ట్రైబల్’ అని ఒక సెట్ దొరుకుతుంది: ఆకుల లంగా, ముఖానికి నలుపు రంగు, తలకు ఈక. ఈక అమెరికా కౌబాయ్ సినిమాల నుంచి వచ్చింది, ఆకుల లంగా ఏ దీవి కార్టూన్ నుంచో. తెలంగాణలో ఏ తెగదీ కాని వేషం. గుస్సాడీ కిరీటం నెమలి పింఛాలతో కడతారు. అది కట్టుకున్న వ్యక్తి దండారి రోజుల్లో దీక్షలో ఉంటాడు, ఒంటికి బూడిద రాసుకుంటాడు, స్నానం చేయడు. దీక్ష వదిలితే కిరీటమూ దిగిపోతుంది. అదే కిరీటాన్ని మంత్రిగారి స్వాగతానికి ఏ నెలలోనైనా పెట్టించడం హైదరాబాద్‌లో మామూలైపోయింది. మార్లవాయికి చెందిన గుస్సాడీ కళాకారుడు కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది. కళకు దక్కిన గుర్తింపే అది. అయితే ఆ సందర్భంగా వచ్చిన వార్తల్లో గుస్సాడీ ‘నృత్యం’గానే ఉంది, దీక్షగా లేదు.

తెర మీద దొర, దొంగ, సోది

తెలుగు సినిమాలో కోయదొర అంటే మూలికలమ్మే కామెడీ పాత్ర. ఎరుకలసాని అంటే హీరోయిన్ మారువేషం. బ్రిటిష్ సర్కారు ‘నేరస్థ తెగ’ అని ముద్రవేసిన ఎరుకలను ఉంచడానికి 1913లో సాల్వేషన్ ఆర్మీ చేతుల మీదుగా ఏర్పడిన స్టువర్టుపురం సెటిల్‌మెంటు పేరును 1991లో రెండు సినిమాలు టైటిల్‌లోనే పెట్టుకున్నాయి, ఒకదాని పేరులో ‘దొంగలు’ కూడా ఉంది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1952లో రద్దయింది. సినిమా పోస్టర్లో మాత్రం ఇంకో నలభై ఏళ్లు బతికింది.

2022లో వచ్చిన ‘ఆర్ఆర్ఆర్’ కథ వేరు. అందులో భీమ్ కమెడియన్ కాదు, విలన్ కాదు, కథానాయకుడు. ప్రపంచమంతా చూసింది. కథ కల్పితమని తీసినవాళ్లు ముందే చెప్పారు. 2020 టీజర్లో భీమ్ పాత్రకు టోపీ పెట్టినప్పుడే ఆదివాసీ సంఘాలు అభ్యంతరం చెప్పాయి. అయితే గమనించాల్సింది చివరి ఘట్టం. ఏం కావాలని రామ్ అడిగితే భీమ్ చదువు అడుగుతాడు, రామ్ జెండా మీద ‘జల్, జంగల్, జమీన్’ అని రాస్తాడు. చరిత్ర ఆ నినాదాన్ని భీమ్ పేరుతోనే గుర్తుపెట్టుకుంది. ఆయన పోరు నడిచింది ఢిల్లీలో తెల్లదొరల మీద కాదు, నిజాం సర్కారు అటవీ, రెవెన్యూ యంత్రాంగం మీద. తెర మీద నినాదం రాసిన చెయ్యి మారింది. సినిమా నచ్చినవాళ్లకు ఇది గోరంత విషయంలా కనిపించొచ్చు. కానీ పాఠ్యపుస్తకాల్లో, వార్తల్లో జరిగేదంతా ఆ ఒక్క షాట్‌లో ఉంది: ఆదివాసీ అడుగుతాడు, ఇంకొకరు రాసిస్తారు.

బడిలో ‘ఏర్’ అంటే ఏమిటి

గోండిలో ‘ఏర్’ అంటే తాగే నీళ్లు. తెలుగులో ‘ఏరు’ అంటే పారే వాగు. రెండూ ద్రావిడ భాషలే, చుట్టాలే. ఒకటో తరగతిలో చేరిన గోండు పిల్ల దాహమేసి ‘ఏర్’ అంటే, ఆ భాష రాని టీచరుకు వాగు గుర్తొస్తుంది. ఆ తర్వాత గోడ మీది అక్షరాల చార్టులో ‘ఓ’ అంటే ఓడ, ‘ఐ’ అంటే ఐరావతం. ఈ పిల్లకు అక్షరం కొత్త, బొమ్మ కొత్త, మాట కొత్త. నగరంలో పిల్లలకు వీటిలో ఒక్క అక్షరమే కొత్త. ఎస్టీ పిల్లల ‘వెనకబాటు’ అన్నదానిలో కొంత భాగం ఆ మొదటి రోజుల్లోనే తయారవుతుంది.

ఇది తెలియక జరుగుతున్నదా అంటే, కాదు. రాజ్యాంగంలోని 350ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు ఏర్పాట్లు చేయాలంటుంది. విద్యాహక్కు చట్టమూ, 2020 జాతీయ విద్యా విధానమూ అదే చెబుతాయి. అంతకన్నా ముందే ఇక్కడ ఒక ప్రయత్నం జరిగింది. భీమ్ తిరుగుబాటు తర్వాత నిజాం ప్రభుత్వం ఆస్ట్రియా మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను గోండుల పరిస్థితి అధ్యయనానికి పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి, 1943లో గోండు యువకులకే టీచర్ ట్రైనింగ్ ఇప్పించి, గోండి వాచకాలు తయారు చేయించారు. నిజాం రాజ్యం పోయాక ఆ పథకం నీరుగారిపోయింది. 2004లో ఉమ్మడి రాష్ట్రం గోండి, కోయ, కోలామి, సవర, బంజారా సహా 8 భాషల్లో, 240 బడుల్లో బహుభాషా విద్య మొదలుపెట్టింది. పుస్తకాలు వచ్చాయి, కొన్నాళ్లు నడిచింది. తర్వాత ఇంగ్లీషు మీడియం ఊపులో పక్కకు జరిగింది. ఇంగ్లీషు కావాలని ఆదివాసీ తల్లిదండ్రులూ గట్టిగానే అడుగుతున్నారు, అందులో తప్పు లేదు. ఇంటి భాష మీద నిలబడి ఇంగ్లీషుకు వెళ్లడమా, ఇంటి భాషను వదిలేసి వెళ్లడమా అన్నదే అసలు ప్రశ్న.

పుస్తకం కన్నా టీచరు ముఖ్యం. ఏజెన్సీ బడుల్లో టీచర్ల గైర్హాజరు విపరీతంగా ఉందన్న కారణంతో 2000 జనవరి 10న ప్రభుత్వం జీవో 3 తెచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల టీచర్ పోస్టులు 100 శాతం స్థానిక ఎస్టీలకే. 1986లోనూ జీవో 275 పేరుతో ఇలాంటి ప్రయత్నమే జరిగి వివాదాల్లో చిక్కుకుంది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం జీవో 3ను కొట్టేసింది. 100 శాతం రిజర్వేషన్ సమానత్వానికి విరుద్ధమన్నది తీర్పు. గిరిజనులను మనుషుల జూలా చూడకూడదని చెప్పిన ఆ తీర్పే వాళ్ల జీవన విధానాన్ని ‘ఆదిమ’మని వర్ణించింది. అప్పటికి కేంద్రం ఆ మాటను అధికారిక పేరులోంచి తీసేసి 14 ఏళ్లు.

లాక్‌డౌన్ మధ్యలో వచ్చిన ఈ తీర్పును మీడియా రిజర్వేషన్ల వార్తగా రాసింది, సంఘాలు ఉద్యోగాల సమస్యగా తీసుకున్నాయి. రెండూ నిజమే. ఒకటో తరగతిలో ‘ఏర్’ అంటే ఎవరికి అర్థమవుతుంది అన్న కోణం దాదాపుగా కనిపించలేదు.

అటు కేంద్రం గిరిజన పిల్లల కోసం ఏకలవ్య మోడల్ రెసిడెన్షియల్ స్కూళ్లను పెంచుతోంది. 2023 బడ్జెట్‌లో 740 స్కూళ్లకు 38,800 మంది టీచర్లు, సిబ్బంది నియామకం ప్రకటించారు. తెలంగాణలో 23 ఉన్నాయి. బిల్డింగులు, హాస్టళ్లు మెరుగే. నియామకం మాత్రం దేశమంతటికీ ఒకే పరీక్షతో, హిందీ సామర్థ్యం తప్పనిసరి అన్న షరతుతో జరిగింది. ఫలితంగా ఉత్తరాది నుంచి వచ్చిన టీచర్లు ఇక్కడి పిల్లలతో ఏ భాషలో మాట్లాడాలో తెలియని పరిస్థితి వచ్చింది. గురువు చదువు చెప్పనంటే చాటున నేర్చుకుని, చివరికి బొటనవేలు పోగొట్టుకున్నవాడి పేరు ఆ స్కూళ్లకు ఎవరు సూచించారో గానీ, ఆ ఎంపిక ఒక వ్యాసానికి సరిపోతుంది.

బయట ఏం చేశారు

కెనడాలో మూలవాసుల సొంత టీవీ ఏపీటీఎన్ 1999లో దేశవ్యాప్త ప్రసారాలు మొదలుపెట్టింది. కేబుల్ ఆపరేటర్లు దాన్ని తప్పనిసరిగా ఇవ్వాలి. 2015లో అక్కడి సత్య, సయోధ్య కమిషన్ ఇచ్చిన 94 సూచనల్లో ఒకటి జర్నలిజం కాలేజీలకు: మూలవాసుల చరిత్ర అందరు విద్యార్థులకూ చెప్పాలి. న్యూజిలాండ్‌లో మావోరీ టీవీ 2004లో వచ్చింది. ఆ దేశాల్లో సమస్య తీరిపోయిందని కాదు. అక్కడ చర్చ ‘మమ్మల్ని ఎలా చూపిస్తున్నారు’ దగ్గర ఆగకుండా ‘చానల్ ఎవరిది, సిలబస్ కమిటీలో ఎవరున్నారు’ దాకా వెళ్లింది.

మన దగ్గర దానికి దగ్గరగా వచ్చింది ఛత్తీస్‌గఢ్‌లో 2010లో మొదలైన సీజీనెట్ స్వర. గూడెం మనిషి ఫోన్ చేసి గోండిలోనే తన వార్త చెప్పొచ్చు, ఇంకొకరు ఫోన్లోనే వినొచ్చు. చదువు రాకపోయినా పనిచేసే పద్ధతి అది.

ఇకముందు

ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాలలో 2006 ప్రాంతంలో గోండి లిపిలో ఉన్న పాత రాతప్రతులు బయటపడ్డాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పరిశోధకులు ఊరి పెద్దలతో కూర్చుని వాటిని చదివించారు. 2018లో గుంజాల గోండి లిపికి యూనికోడ్‌లో చోటు దక్కింది. అంటే ఫోన్లో టైప్ చేయడానికి సాంకేతికంగా అడ్డు లేదు. రాసేవాళ్లు తయారవ్వాలంటే బడిలో ఆ లిపి ఉండాలి, బడిలో ఉండాలంటే చెప్పే టీచరు ఉండాలి. మళ్లీ జీవో 3 దగ్గరికే వస్తుంది కథ.

ఈలోగా జనాభా లెక్కలు దగ్గరపడ్డాయి. మనుషుల లెక్కింపు 2027 ఫిబ్రవరిలో. 2011లో గోండి మాతృభాషగా నమోదైనవాళ్లు 29.84 లక్షలు, రాజ్యాంగం గుర్తించిన భాషల జాబితా అయిన ఎనిమిదో షెడ్యూల్‌లో ఉన్న కొన్ని భాషల కన్నా ఎక్కువ. అయినా గోండి ఆ షెడ్యూల్‌లో లేదు. కొత్త అంకె ఎలా ఉంటుందన్న దాని మీద పుస్తకాల బడ్జెట్, ఆకాశవాణి గంటలు, షెడ్యూల్ డిమాండ్ అన్నీ ఆధారపడతాయి. ఆ ఫారంలో మాతృభాష గడి నింపేది ఎక్కువచోట్ల ప్రభుత్వ బడి టీచరే. కెరమెరి, జైనూరు గూడేల్లో గుమ్మం ముందు నిలబడి ఆ ప్రశ్నను తెలుగులో అడిగితే, చాలామంది తెలుగులోనే జవాబు చెబుతారు. గడిలో ‘తెలుగు’ అని పడిపోతుంది.